మేఘాలకు పేర్లు పెట్టిన మందుల వ్యాపారి



క్యుములోనింబస్ మేఘాల వల్ల పిడుగులు పడతాయని, పొలాల్లో ఉన్నవారు చెట్ల కింద నిలబడవద్దని వేసవి వచ్చిందంటే వార్తల్లో వింటుంటాం. నోరు తిరగని ఆ మాటలో ఉన్న క్యుములస్, నింబస్ అనే రెండు పేర్లనూ మేఘాలకు పెట్టింది ఒక్కరే. ఆయన ప్రొఫెసరు కాదు. మందులు తయారుచేసి అమ్మే వ్యాపారి. పేరు ల్యూక్ హోవర్డ్.

ఆయన 1772 నవంబరు 28న లండన్‌లో జన్మించారు. పేదవారు కాదు, తండ్రికి వ్యాపారం ఉంది. కానీ వారిది క్వేకర్ అనే క్రైస్తవ శాఖ. ఆ శాఖవారికి అప్పట్లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ ఇచ్చేవారు కాదు. ఎంత తెలివి ఉన్నా, పుట్టిన ఇంటిని బట్టి తలుపులు మూసేవారు. ఈ మాట మనకు విడమరచి చెప్పనక్కరలేదు.

బడిలో ఆయన ఎక్కువగా నేర్చుకున్నది లాటిన్ వ్యాకరణమే. బడి అయ్యాక స్టాక్‌పోర్ట్ పట్టణంలో ఒక మందుల దుకాణంలో పని నేర్చుకోవడానికి చేరారు. పగలు పని, రాత్రి సొంతంగా చదువు. రసాయనశాస్త్రం, వృక్షశాస్త్రం అలా నేర్చుకున్నవే. చిన్ననాటి నుంచి ఆకాశం చూడటమంటే ఆయనకు ప్రాణం.

లండన్ తిరిగివచ్చాక కొందరు మిత్రులతో కలిసి ఒక చర్చా సంఘంలో చేరారు. అక్కడ వంతు వచ్చినవారు వ్యాసం చదవాలి, లేదంటే జరిమానా కట్టాలి. 1802 డిసెంబరులో హోవర్డ్ మేఘాల గురించి చదివారు. అప్పటికి ఆయన వయసు 30.

మేఘాలు లెక్కలేనన్ని ఆకారాల్లో కనిపించినా వాటి మూలరూపాలు కొన్నేనని ఆయన చెప్పారు. ఎత్తున వెంట్రుకల్లా సాగేవి సిర్రస్. అవి మంచు స్ఫటికాలతో ఏర్పడతాయి. వాటి నుంచి మనకు వాన పడదు కానీ, అవి చిక్కబడుతుంటే వాతావరణం మారబోతోందని గుర్తు. దూదికుప్పల్లాంటివి క్యుములస్. చిన్నవిగా ఉంటే మంచి ఎండ, కొండల్లా పైకి పెరిగితే ఉరుములు, మెరుపులు. దుప్పటిలా పరుచుకునేవి స్ట్రాటస్. అవి తుంపరతో సరిపెడతాయి. వాన కురిసే మేఘం నింబస్. వీటిని కలిపి మరికొన్ని పేర్లు చేశారు.

అదే ఏడాది ఫ్రాన్స్‌లో లామార్క్ అనే పెద్ద శాస్త్రవేత్త కూడా మేఘాలకు పేర్లు పెట్టారు. అవి ఫ్రెంచిలో ఉన్నాయి, నిలవలేదు. హోవర్డ్ పేర్లు లాటిన్‌లో ఉండటంతో అన్ని దేశాల పండితులూ వాడుకోగలిగారు. బడిలో బట్టీ పట్టిన ఆ లాటిన్ వృథా పోలేదన్నమాట!

జర్మన్ మహాకవి గోథే ఆయన గౌరవార్థం కవితలు రాసి, జీవిత విశేషాలు పంపమని అడిగించారు. ఆ ఉత్తరం చూసి ఎవరో ఆటపట్టిస్తున్నారని హోవర్డ్ మొదట అనుకున్నారట. 1821లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా తీసుకుంది.

ఇంత పేరు వచ్చినా ఆయన వ్యాపారం మానలేదు, ఆకాశాన్ని గమనించడమూ మానలేదు. ఏళ్ల తరబడి రోజూ ఉష్ణోగ్రత, గాలి, వాన లెక్కలు రాసుకున్నారు. చుట్టుపక్కల పల్లెల కంటే లండన్ నగరం వేడిగా ఉంటుందని ఆ లెక్కలతోనే చూపించారు. నగరాల వేడి గురించి నేడు జరుగుతున్న పరిశోధనలకు అది తొలి అడుగు. 1864 మార్చి 21న, 91 ఏళ్ల వయసులో కన్నుమూశారు. 1896లో వెలువడిన అంతర్జాతీయ మేఘాల అట్లాసు ఆయన పద్ధతి మీదే నిలిచింది. నేడు వాడే పది రకాల పేర్లకూ అదే పునాది.

మన అమ్మానాన్నలు ఆకాశం చూసి విత్తనం వేసినవారు. ఏ మబ్బు కురుస్తుందో, ఏది ఉత్తదో వారికి తెలుసు. కానీ దాన్ని కాగితం మీద పెట్టే వీలు వారికి దొరకలేదు. హోవర్డ్‌కు మూసిన తలుపులు మనకు ఎందరో పోరాడి తెరిపించారు. కాబట్టి తమ్ముళ్లూ, ఒక నోటుపుస్తకం తీసుకోండి. చూసింది రాయండి, తేదీ వేయండి. ఇంట్లో పెద్దలకు తెలిసింది అడిగి అదీ రాయండి. రాసి పెట్టిన జ్ఞానమే మన తరువాతి వారికి అందుతుంది.

— మన హాస్టల్ పూర్వ విద్యార్థి, పి.జి.