గోదావరి నుండి మానససరోవరం దాకా: స్వామి ప్రణవానంద

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రెండు పేజీలు వ్రాసి ఇవ్వవలసినదిగా మన సంఘం కార్యదర్శిగారు కోరారు. గాంధీగారి గురించి, ప్రకాశం పంతులుగారి గురించి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను స్వామి ప్రణవానందగారిని ఎన్నుకున్నాను. హిమాలయాలలో తిరిగిన వారందరూ ఆయన పేరు చెప్పుకుంటారు. మన తెలుగువారే కాస్త తక్కువగా చెప్పుకుంటారు.

ఆయనతో నాకు పని ఎందుకు పడిందో ముందు మనవి చేస్తాను. బేస్తవారిపేటలో నలుగురం పెన్షనర్లం సాయంత్రం పూట ఒకచోట కూర్చుంటాము. మాకు కైలాస మానససరోవర యాత్ర చేయాలని చిరకాల కోరిక. 1987లో నేను గుమాస్తాగా ఉన్నప్పుడు ఆర్జిత సెలవుకు అర్జీ పెట్టుకున్నాను. జమాబందీ ముందు సెలవు ఏమిటని అప్పటి పై అధికారి ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. తరువాత పిల్లల చదువులు, పెళ్లిళ్లు వచ్చాయి. ప్రభుత్వం నడిపే ఆ యాత్రకు వయోపరిమితి డెబ్బై ఏళ్లు. 2020లో నాకు అరవైతొమ్మిది. అదే చివరి అవకాశమని నలుగురం పాస్‌పోర్టులు కూడా తీయించాము. ఆ సంవత్సరం కరోనా వలన యాత్ర ఆగింది. మరల 2025 జూన్‌లో గాని తెరవలేదు. అప్పటికి నాకు డెబ్బైనాలుగు నిండాయి. 2021లో మాలో ఒకరు కాలం చేశారు. మిగిలింది ముగ్గురం.

కైలాసం దాకా పోలేకపోతే ఆ దారిలో మన సరిహద్దు లోపల ఉన్న కొండ పల్లెలనైనా చూసి వద్దామని నిర్ణయించుకున్నాము. ఆ ఏర్పాట్ల కోసం పుస్తకాలు వెదుకుతుంటే ప్రణవానందగారి పేరు ఎదురయింది. ఆయన కూడా ఒకప్పుడు ఆఫీసు బల్ల ముందు కూర్చున్న మనిషి అని తెలిసేసరికి నాకు ఆసక్తి పెరిగింది.

ఆయన పూర్వాశ్రమ నామం కనకదండి వెంకట సోమయాజులు. 1896లో తూర్పుగోదావరి ప్రాంతంలో జన్మించారు. అంత దూరాన లాహోరుకు పోయి అక్కడి డి.ఏ.వి. కళాశాలలో చదివారు. చదువు పూర్తయ్యాక లాహోరులోనే రైల్వే అకౌంట్సు ఆఫీసులో ఉద్యోగం చేశారు. ఆ రోజులలో రైల్వే ఉద్యోగమంటే ఎంత గౌరవమో, ఇంటివారికి ఎంత ధీమాయో మన తరం వారికి చెప్పనక్కరలేదు. గాంధీగారు సహాయ నిరాకరణకు పిలుపునిచ్చారు, ఈయన ఉద్యోగం వదిలేశారు. వెనక్కి వచ్చి 1926 వరకు పశ్చిమగోదావరి ప్రాంతంలో కాంగ్రెసు కార్యకర్తగా పనిచేశారు. జీతం లేదు, పెన్షను ఆశ లేదు. నేనైతే ఆ పని చేసి ఉండేవాడిని కాదు. ఒక్క సెలవు కాగితం తిరిగి వస్తేనే నోరు మూసుకొని ఫైలు ముందుకు లాక్కున్నవాడిని.

ఆ తరువాత ఆయన మనసు ఆధ్యాత్మికం వైపు మళ్లింది. స్వామి జ్ఞానానందగారి వద్ద దీక్ష పొంది ప్రణవానంద అయ్యారు. గురుశిష్యులిద్దరూ ఇంచుమించు ఒకే ఈడువారు. ఆ జ్ఞానానందగారు భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టి, హిమాలయాలలో తపస్సు చేసి, తరువాత ఐరోపాకు వెళ్లి భౌతికశాస్త్రం చదివారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక శాస్త్ర పరిశోధనకు పునాది వేసినవారు ఆయనే. అటువంటి గురువుకు శిష్యుడు కాబట్టే కాబోలు, ప్రణవానందగారు కాషాయం కట్టినా కొలబద్ద చేతినుంచి వదలలేదు.

1928లో మొదటిసారి కైలాసం వెళ్లారు. కాశ్మీరులోని శ్రీనగర్ నుంచి లడాఖ్ మీదుగా సాగిన చాలా చుట్టుదారి అది. 1935 తరువాత ఇక తరచుగా వెళ్లడమే. కైలాసానికీ మానససరోవరానికీ ఇరవైకి పైగా ప్రదక్షిణలు చేశారు. కైలాసం చుట్టూ దారి 32 మైళ్లు. మానససరోవరం సముద్రమట్టానికి సుమారు 15,000 అడుగుల ఎత్తున ఉంది. దాని చుట్టుకొలత 54 మైళ్లని ఆయన లెక్క. మన కంభం చెరువు కట్ట మీద నిలబడి ఎంత పెద్ద నీరో అని ఆశ్చర్యపడతాము గదా, ఆ చెరువు పొడవు ఏడు కిలోమీటర్లు. దానిని బట్టి ఊహించుకోండి.

ఆయన జీవితంలో నన్ను ఎక్కువగా పట్టుకున్న ఘట్టం 1936-37 చలికాలం. యాత్రికులందరూ వేసవిలో వెళ్లి, మంచు పడకముందే దిగి వచ్చేవారు. ఈయన సరస్సు దక్షిణపు ఒడ్డున ఉన్న థుగోల్హో బౌద్ధ మఠంలో ఏడాది పొడవునా ఉండిపోయారు. అంత పెద్ద సరస్సు ఏ రీతిగా గడ్డకడుతుందో, మంచుపలకలు ఏ రీతిగా పగులుతాయో, ఎటువంటి ధ్వనులు వస్తాయో, మరల వసంతంలో ఎప్పుడు కరుగుతుందో దగ్గరుండి చూసి తేదీలు వేసి వ్రాసుకున్నారు. ఉష్ణోగ్రతలు నమోదు చేశారు. వేసవిలో నలభైనాలుగు డిగ్రీలు చూసే మన ఊరివారికి ఆ చలి ఊహకు కూడా అందదు. జపం చేసుకోవడానికి వెళ్లినవాడు రిజిష్టరు వ్రాశాడేమని ఎవరికైనా అనిపించవచ్చు. అకౌంట్సు ఆఫీసులో పడిన అలవాటు ఎక్కడికీ పోదని నా అభిప్రాయం.

ఆ రిజిష్టర్ల నుంచే పుస్తకాలు వచ్చాయి. ఎక్స్‌ప్లొరేషన్ ఇన్ టిబెట్ అనే గ్రంథాన్ని 1939లో కలకత్తా విశ్వవిద్యాలయం ప్రచురించింది. కైలాస్ మానససరోవర్ అనే ఇంగ్లీషు గ్రంథం 1949లో వచ్చింది. దానికి నెహ్రూగారు ముందుమాట వ్రాశారు. సింధు, బ్రహ్మపుత్ర, సట్లెజ్, కర్నాలి నదుల పుట్టుక గురించి స్వీడన్ దేశపు సుప్రసిద్ధ అన్వేషకుడు స్వెన్ హెడిన్ చెప్పినదాన్ని ఈయన సవాలు చేశారు. బ్రహ్మపుత్ర కుబీ అనే పాయలో పుట్టిందని హెడిన్ అంటే, కాదు, చెమాయుంగ్‌డుంగ్ పాయ మొదట్లో అని ఈయన వాదించారు. టిబెట్టువారు ఆ నదిని గుర్రపు నోటి నుంచి వచ్చినదిగా, సింధును సింహపు నోటి నుంచి, సట్లెజ్‌ను ఏనుగు నోటి నుంచి, కర్నాలిని నెమలి నోటి నుంచి వచ్చినవిగా చెప్పుకుంటారు. తరతరాలుగా అక్కడ ఉన్నవారు ఏ ఊటను నది తలగా మొక్కుతున్నారో దానికి కూడా విలువ ఇవ్వాలని స్వామివారి పట్టు. లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనను ఫెలోగా చేర్చుకుంది.

ఆయన వాదాలన్నీ నిలిచాయని చెప్పను. గఢ్వాల్‌లో రూప్‌కుండ్ అనే చిన్న మడుగులో 1942లో ఒక అటవీ రేంజరుకు వందలాది మనుషుల ఎముకలు కనబడ్డాయి. 1950ల నడుమ స్వామివారు అంత ఎత్తుకూ ఎక్కి పరిశోధించారు. ఆయన వయస్సు అప్పటికి అరవైకి చేరువ. నందాదేవి యాత్రకు వెళ్లిన కనోజ్ రాజు జసధవళుని పరివారం వడగండ్లలో చిక్కి చనిపోయారన్న స్థానిక గాథను ఆయన సమర్థించారు. 2019లో జన్యు పరీక్షలు చేసి చూస్తే, ఆ ఎముకలు ఒకే కాలంవి కావని, కొన్ని వెయ్యేళ్లకు పైబడినవైతే కొన్ని రెండు శతాబ్దాల నాటివని, అందులో మధ్యధరా ప్రాంతపు వారివి కూడా ఉన్నాయని తేలింది. స్వామివారు జీవించి ఉంటే మరల ఆ మడుగుకు బయలుదేరేవారే.

1962 యుద్ధంతో కైలాసం దారి పూర్తిగా మూసుకుపోయింది. 1976లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. దారి 1981లో మరల తెరుచుకునేనాటికి ఆయనకు ఎనభైఅయిదు. 1989లో పరమపదించారు.

మాకు పనికివచ్చింది ఆయన పుస్తకంలోని దారుల పట్టికలు. ఏ మజిలీ నుంచి ఏ మజిలీకి ఎన్ని మైళ్లో, ఎక్కడ ఎక్కుడో, ఎక్కడ దిగుడో మన టి.ఏ. బిల్లులకన్నా వివరంగా ఉంటుంది. అల్మోరా నుంచి లిపులేఖ్ కనుమ మీదుగా కైలాసానికి సుమారు 240 మైళ్లు, అంతా నడకే. ధార్చులా, పాంగూ, మాల్పా, బూదీ, గర్బ్యాంగ్, కాలాపానీ అన్న పేర్లు చదువుతుంటే మన చిన్నప్పటి తాలూకా పటం చదివినట్లుంటుంది. వీటిలో మాల్పా 1998 ఆగస్టులో కొండచరియ కింద పడిపోయింది, రెండువందలకు పైగా యాత్రికులు, స్థానికులు పోయారు. ఆ పై ఊళ్లవారు భోటియాలు. టిబెట్టుతో ఉన్ని, ఉప్పు వ్యాపారం చేసి బ్రతికినవారు. 1962తో ఆ వ్యాపారం పోయింది, ఊళ్లు నిశ్శబ్దమయ్యాయి. ఆ కుమావూఁ పల్లెల ఇళ్లకు పైకప్పులు రాతి పలకలే. మార్కాపురం పలకలు చూసి పెరిగినవాళ్లం గనుక మాకు ఆ సంగతి ముచ్చటగా తోచింది.

ధార్చులా నుంచి లిపులేఖ్ వైపు రోడ్డును 2020 మే నెలలో ప్రారంభించారు. స్వామివారు రోజుల తరబడి నడిచిన గుంజీ దాకా ఇప్పుడు జీపులు పోతున్నాయి. దూరం డెబ్బై కిలోమీటర్లు. అయితే ధార్చులా మూడువేల అడుగులు, గుంజీ పదివేల అయిదువందలు. ఒక్కసారిగా ఎక్కితే మన వయస్సువారికి ఊపిరి అందదు. మొన్న ఒంగోలులో చూపించుకున్నప్పుడు గుండె డాక్టరుగారు కూడా ఆ మాటే అన్నారు, బొత్తిగా వద్దని మాత్రం అనలేదు. మా పెద్దవాడు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

కనుక మా కార్యక్రమం ఈ విధంగా ఉంది. ఢిల్లీ వరకు రైలు, అక్కడి నుంచి రాణీఖేత్ ఎక్స్‌ప్రెస్‌లో కాఠ్‌గోదాం. తరువాత జీపులో అల్మోరా, పిథోరాగఢ్, ధార్చులా, ప్రతిచోటా రెండు రాత్రులు. ధార్చులాలో వైద్య ధ్రువపత్రం చూపి లోపలి సరిహద్దు అనుమతి తీసుకోవాలి. పాంగూ పైన 1936లో నెలకొల్పిన నారాయణ ఆశ్రమంలో మూడు రోజులు ఆగి, ఒళ్లు అలవాటు పడితేనే బూదీ, గర్బ్యాంగ్. అక్కడ కూడా బాగుంటే గుంజీ. వానలలో చరియలు పడతాయి గనుక సెప్టెంబరు చివరి వారం అనుకున్నాము.

జీపులో ఒక సీటు ఖాళీగా ఉంది. అది మా నాలుగవ మిత్రునిది. ఆయన పాస్‌పోర్టు వారి అబ్బాయి నాకే ఇచ్చాడు, పటాల సంచిలో పెట్టాను. సభ్యులలో ఇష్టమున్నవారు జూలై నెలాఖరులోగా నాకు తెలియజేయగోరుతున్నాను.