ఉదయగిరి దుర్గము - సంకల్పసిద్ధి

ఉగాదినాడు పంచాంగశ్రవణానంతరము మనలో అనేకులు ఏదో యొక మంచి సంకల్పము చేయుదురు. నిత్యము సహస్రనామ పారాయణము చేయవలెనని కొందఱు, ఏకాదశీవ్రతము తప్పరాదని కొందఱు నిశ్చయింతురు. చైత్రము గడవకమునుపే ఒకనాడు నియమము తప్పును. తప్పినది ఒక్కదినమే యైనను, మనస్సు సంకల్పమునే విడిచిపెట్టును. అట్టివారు శ్రీకృష్ణదేవరాయల జీవితమున ఉదయగిరి ఘట్టమును స్మరింపవలెను.

నెల్లూరునుండి ఆత్మకూరు మీదుగా వాయవ్యదిశకు పోవువారికి సుమారు 3,000 అడుగుల యెత్తుగల ఉదయగిరి కానవచ్చును. ఆ గిరిదుర్గముకొఱకు సాళువ నరసింహరాయలు గజపతులతో పోరి, ఓడి బందీయై, కోటను వారికి వదలుకొని విడుదల పొందెను. 1491లో ఆయన పరమపదించునాటికి ఆ కొఱత తీరలేదు. ఉదయగిరిని మరల సాధింపవలెనని ఆయన తన తరువాతివారికి ఆదేశించి పోయెనని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసియున్నాడు.

తుళువ నరసనాయకుని కుమారుడైన కృష్ణరాయలు 1509లో పట్టాభిషిక్తుడై, ఆ నెఱవేరని కోరికను తనదిగా స్వీకరించెను. 1513 ఫిబ్రవరి 10వ తేదీన దేవేరులతో తిరుమలకేగి శ్రీనివాసునకు నవరత్న కిరీటమును సమర్పించెను. ఆ యేడే మే, జూన్ మాసములలోను స్వామిని దర్శించెను. ముట్టడి మాత్రము కొనసాగుచునే యుండెను. కోటకు పోవు త్రోవ ఒక్కొక్క మనుష్యుడే నడువదగినంత ఇఱుకైనది. రాయలు వెనుదిరుగలేదు. బండలను పగులగొట్టించి, కొండలమీదుగా బాటలు వేయించి, ఆ యిఱుకుదారిని వెడల్పు చేయించెను. శ్రీముఖ సంవత్సరము గడచి భావ సంవత్సరపు ఉగాది వచ్చెను. అప్పటికిని దుర్గము లొంగలేదు. సుమారు ఏడాదిన్నర ముట్టడి జరిగిన పిమ్మట, 1514 జూన్ మాసమున కోట వశమయ్యెను.

విజయము లభింపగానే రాయలు రాజధానికి పోవు దారిలో తిరుమలకేగెను. 1514 జులై 6వ తేదీన స్వామికి 30,000 బంగారు నాణెములతో కనకాభిషేకము చేసి, నిత్యనైవేద్యమునకై తాళ్లపాక గ్రామమును సమర్పించెను. ఉదయగిరి బాలకృష్ణుని విజయనగరమునకు కొనిపోయి, ఆలయము నిర్మించి, 1515లో ప్రతిష్ఠించెను. అనంతరము కొండవీడు జయించి, సింహాచలేశుని సేవించి, 1518లో ఆనందనిలయ విమానమునకు బంగారు పూత పూయించెను. గోదాదేవి కథను ఆముక్తమాల్యదగా రచించి తరించిన ఆ భక్తకవి 1529లో కీర్తిశేషుడయ్యెను.

రాజు ముట్టడికిని గృహస్థు వ్రతమునకును సామ్యమేమి యని శంకింపరాదు. ఉగాది దాటినంతమాత్రమున సంకల్పము చెడదు. దారి ఇఱుకైనచో దానిని వెడల్పు చేసికొనవలెను. తెల్లవాఱుజామున పారాయణము సాగనివారు సాయంసంధ్యలో చేయవచ్చును. నిన్న తప్పినవారు నేడు మరల మొదలిడవచ్చును. సిద్ధించిననాడు ఆ ఫలమును తనదనుకొనక స్వామి పాదములకడ నుంచుటయే రాయలు మనకు చూపిన మార్గము. అట్టి పట్టుదలను శ్రీవేంకటేశ్వరుడు మనకందఱకును అనుగ్రహించుగాక!