పావులూరి మల్లన

తూర్పు చాళుక్యులు వేంగీదేశమును పాలించిన కాలమున లెక్కలు నేర్వగోరిన తెలుగువారు సంస్కృత గ్రంథములనే ఆశ్రయింపవలసి యుండెను. ఆ కొరతను తీర్చిన మహనీయుడు పావులూరి మల్లన. మనకు లభించిన తెలుగు గణిత గ్రంథములలో ఆతని సారసంగ్రహగణితమే మొదటిది.

కమ్మనాటిలోని పావులూరు ఆ వంశమువారి యూరు. రాజమహేంద్రవరము నేలిన రాజరాజనరేంద్రుడు పిఠాపురము చెంతనున్న నవఖండవాడ గ్రామమును మల్లనకు దానము చేసెను. దానమందినవాడు గ్రంథకర్తయే యని కొందరు పండితులును, అదే పేరుగల ఆతని తాత యని మరికొందరును తలంతురు. నన్నయ భారతమును తెనిగింప నారంభించినదియు ఆ రాజు కాలముననే.

తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడను జైన పండితుడు గణితసారసంగ్రహమును సంస్కృతమున రచించెను. మల్లన దానిని తెలుగు పద్యములలోనికి తెచ్చెను. భారతము తెనిగించుటకు కథ తోడగును. లెక్కలకు ఆ తోడు లేదు. అంతకన్న పెద్ద చిక్కు మరియొకటి కలదు. ఆ దినములలో గ్రంథములను తాటాకులపై చేతితో వ్రాసికొనెడివారు. కథలో ఒక మాట తప్పినను భావము నిలుచును. లెక్కలో ఒక అంకె తప్పినచో అంతయు వ్యర్థమే.

ఈ చిక్కును మల్లన గెలిచిన తీరునకు చదరంగపు లెక్క తార్కాణము. బల్లపై 64 గదులు గలవు. మొదటి గదిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టింపుగా నుంచినచో మొత్తమెంత? ఒకటియు రెండును కలిసి మూడు. అది నాలుగునకు ఒకటి తక్కువ. నాలుగును చేర్చినచో ఏడు. అది ఎనిమిదికి ఒకటి తక్కువ. ఇట్లే 64 గదుల మొత్తము, 65వ గది యున్నచో అందుంచవలసిన గింజలకు ఒకటి తక్కువ. అది 1,84,46,74,40,73,70,95,51,615.

ఇరువది అంకెలుగల యీ సంఖ్యను మల్లన ఒక్క చంపకమాలలో ఇమిడ్చెను. చంద్రుడనగా ఒకటి, వేదములనగా నాలుగు, బాణములనగా అయిదు, పర్వతములనగా ఏడు, ఆకాశమనగా సున్న. ఒకట్ల స్థానము మొదలుకొని ఎడమవైపునకు అంకెలను పేర్చికొనవలెను. నడుమ ఒక మాట జారినచో గణము తప్పును, యతియో ప్రాసయో చెడును. వ్రాతకాని పొరపాటును ఛందస్సే పట్టియిచ్చును. కావుననే శతాబ్దములు గడచినను ఆ సంఖ్య చెడక మనకు దక్కినది.

విద్యార్థులు దానిని పరీక్షింపవచ్చును. చివరి అంకె 5 గనుక అది అయిదుచే భాగింపబడును. అంకెల మొత్తము 87 గనుక మూడుచేతను భాగింపబడును. రెండింటిని మరల మరల రెట్టింపు చేయుటచే పుట్టిన సంఖ్యకు ఒకటి తక్కువగుటచే, ఇది బేసిసంఖ్య. నేటి కంప్యూటర్లు 64 బిట్లలో నిలుపగల మిక్కిలి పెద్ద పూర్ణసంఖ్య కూడ ఇదియే.

మల్లన సామ్రాజ్యముల నేలలేదు, యుద్ధములు గెలువలేదు. ఒక అంకెయైనను తప్పిపోరాదను శ్రద్ధతో పనిచేసెను. ఆ శ్రద్ధయే ఆతని కీర్తికి మూలము.