కరువులో కాలువ తవ్వించిన క్లౌ దొరగారు

ఎమిరేట్స్‌లోని మన తెలుగు క్రైస్తవులకు ఆదివారపు ఆరాధన చాలాకాలం శుక్రవారమే జరిగేది. 2022లో వారాంతపు సెలవులు మారేవరకు అందరికీ సెలవు ఆ రోజే కదా! దుబాయి, షార్జా చర్చిల్లో మనవాళ్ళు చెప్పుకునే ప్రార్థన మనవులు ఎక్కువగా వీసా, జీతం, ఊళ్ళో అప్పుల గురించే ఉంటాయి. అవి విన్నప్పుడల్లా నాకు ఒంగోలు క్లౌ దొరగారు గుర్తుకొస్తారు. ఇంజనీరింగు చదివినవాడిగా నాకు ఆయన మీద మరో అభిమానం కూడా ఉంది. కుర్రతనంలో ఆయన భూములు కొలిచే సర్వేయరు.

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించారు. ఆయన మన దేశానికి రాకముందే, 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, మరో ముగ్గురు స్థానిక క్రైస్తవులు ఒంగోలులో కొండెక్కి, ఆ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని దేవుణ్ణి వేడుకున్నారు. అదే నేటి ప్రార్థన కొండ. ఫలితం కనబడని ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామన్న మాట అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చినా జ్యూయెట్ పట్టు విడవలేదు. ఆ ప్రార్థన జరిగిన పన్నెండేళ్ళకు, 1866లో, క్లౌ దంపతులు ఒంగోలులో కాపురం పెట్టారు.

వచ్చిన కొత్తలోనే పెద్ద పరీక్ష ఎదురైంది. మాదిగలను చేర్చుకుంటే తాము రామని అగ్రకులాలవారు తేల్చి చెప్పారు. ఎటూ తోచక క్లౌ ప్రార్థించి బైబిలు తెరిస్తే, లోకం తక్కువగా చూసినవారిని దేవుడు ఎన్నుకున్నాడని పౌలు కొరింథీయులకు రాసిన భాగం కనబడింది. పక్క గదిలో ఆయన భార్య కూడా సరిగ్గా ఆ భాగమే చదువుతున్నారట! ఇక ఆయన వెనుకాడలేదు. మాదిగలను ఆదరించారు.

1876-78లో ఘోరమైన కరువు వచ్చింది. అప్పుడు సర్కారు తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ పనిని క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నారు. పాత సర్వే విద్య అక్కరకొచ్చింది. బోధకులే మేస్త్రీలయ్యారు. ఆకలితో వచ్చిన వేలమందికి పని, కూలి దొరికాయి.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ తర్వాతి సంగతి. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతున్నా, సుమారు పదిహేను నెలలపాటు ఆయన ఎవరికీ ఇవ్వలేదు. గింజల కోసం మతంలోకి రాకూడదన్నది ఆయన పట్టుదల. సంఖ్య చూపించుకోవాలనుకునే మనిషికి అంతకన్నా మంచి అదను దొరకదు. అయినా పని పనిగానే ఇచ్చి, మిగిలినది దేవుడికి వదిలేశారు. కరువు సాయం అవసరం తీరాక 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నదిలో దిగి ఇచ్చారు.

క్లౌ 1910లో అమెరికాలో కన్నుమూశారు. దేవుణ్ణి నమ్మడమంటే చేతులు కట్టుకు కూర్చోవడం కాదనీ, చేసిన సాయానికి బదులు అడగకపోవడం కూడా నమ్మకమేననీ ఆయన జీవితం చెబుతోంది. పని పోయి, తిరుగు టిక్కెట్టుకు డబ్బుల్లేక మన ఎదుట నిలబడిన తెలుగువాడిని ఏ జిల్లా, ఏ కులం, ఏ మతం అని అడగకుండా ఆదుకోగలిగితే, ఆ దొరగారిని మనం నిజంగా స్మరించుకున్నట్టే.