ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య

ఊరికి మంచి బాటలు, మురుగుకాలువలు, వీధిదీపములు కావలెననుటలో ఎవరికిని భిన్నాభిప్రాయ ముండదు. కాని వానికగు వ్యయమును ఎవరు భరింపవలెను? ఎంత భరింపగలరు? ఆ నిర్ణయము చేయుటకు ఎవరికి హక్కు కలదు? ఈ ప్రశ్నల నిమిత్తము ఒక పట్టణ ప్రజలు ఇండ్లువాకిండ్లు విడిచి పాకలలో కాపురముండిన వృత్తాంతము ఆంధ్రదేశ చరిత్రలో కలదు. ఆ ప్రజలకు నాయకుడై నిలిచిన ధీరుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య.

గోపాలకృష్ణయ్య 1889వ సంవత్సరము జూన్ 2వ తేదీన కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలు గ్రామమున జన్మించెను. పసితనముననే తల్లిదండ్రులను కోల్పోయి, బంధువుల పోషణలో పెరిగెను. చిన్ననాటినుండియు ఆయనకు పాఠ్యగ్రంథములకంటె సంగీతము, నాటకము, కవిత్వము మీదనే మక్కువ యెక్కువ. కొంతకాలము బాపట్ల తాలూకా కచేరిలో చిన్న యుద్యోగము చేసెను. కాని ఆ కొలువు ఆయన మనస్సునకు పట్టలేదు. మిత్రుని సాయముతో 1911లో స్కాట్లండు దేశమునకు పోయి, ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము పొందెను. ప్రసిద్ధ కళావేత్త ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లమున ననువదించెను. ఆ గ్రంథము 1917లో అమెరికాలో అచ్చయ్యెను.

స్వదేశమునకు తిరిగివచ్చి రాజమహేంద్రవరమునను, మచిలీపట్టణమునందలి ఆంధ్ర జాతీయ కళాశాలలోను ఉపాధ్యాయుడుగా పనిచేసెను. కాని ఒకరి యాజ్ఞకు లోబడి పనిచేయుట ఆయన స్వభావమునకు సరిపడలేదు. ఉద్యోగము విడిచి దేశసేవకు పూనుకొనెను. రామదండు అను స్వచ్ఛంద సేవాదళమును స్థాపించెను. కాషాయ వస్త్రములు, రుద్రాక్షమాలలు ధరించి ఆ దళమువారు గ్రామగ్రామమున భజనలు చేయుచు ప్రజలను మేల్కొల్పిరి. 1921లో బెజవాడయందు అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు, వేలకొలది జనమును అదుపులో నుంచి సేవచేసిన కీర్తి రామదండునకు దక్కెను.

ఆ దినములలోనే చీరాల, పేరాల గ్రామములకు గొప్ప చిక్కు వచ్చిపడెను. అచ్చటి జనసంఖ్య సుమారు 15,000. వారిలో పెక్కుమంది నేతగాండ్రు, చిన్న రైతులు, దినకూలీలు. అంతవరకు ఆ యూళ్ళకు యూనియను పాలన యుండెను. పన్ను సాలుకు సుమారు 4,000 రూపాయలు. 1919లో మద్రాసు ప్రభుత్వము ఈ గ్రామములను కలిపి పురపాలక సంఘముగా మార్ప నిశ్చయించెను. పట్టణము వృద్ధి చెందవలెనన్నచో పురపాలన అవసరమని అధికారులు తలచిరి. కాని ఆ మార్పుతో పన్నుల భారము సుమారు 40,000 రూపాయలకు పెరుగునని తేలెను. పదిరెట్ల భారము! ఏ పూటకాపూట మగ్గము నమ్ముకొని బ్రతుకువా రంత సొమ్ము ఎక్కడనుండి తేగలరు? వారు వినతిపత్రములు పంపుకొనిరి. ప్రభుత్వము వినలేదు. పురపాలక సభ్యులు రాజీనామా లిచ్చిరి. ప్రభుత్వము జీతముపై అధ్యక్షుని నియమించి పాలన సాగించెను. పన్ను చెల్లింపనివారిని చెరసాలకు పంపెను. ఆ చెరబడినవారిలో స్త్రీ కూడ నుండెను.

ఈ కష్టసమయమున గోపాలకృష్ణయ్య చీరాల ప్రజలకు అండగా నిలిచెను. 1921 ఏప్రిల్ నెలలో మహాత్మాగాంధి చీరాలకు వచ్చినప్పుడు ప్రజలు తమ గోడు వినిపించుకొనిరి. ఆయన రెండు మార్గములు చూపెను: అహింసతో పన్ను నిరాకరించి శిక్ష లనుభవించుట యొకటి, పురపాలక సంఘపు ఎల్లలు దాటి వెలుపల నివసించుట రెండవది. ఎల్ల దాటిన పిమ్మట అధికారులు పన్ను అడుగుటకు తావుండదు. గోపాలకృష్ణయ్య రెండవ మార్గమునే కోరుకొనెను.

ఇది మాటలతో జరుగు పని కాదు. నేతగానికి మగ్గపుగుంటయే జీవనాధారము. దానిని విడిచిపోవుటయన్న, కొత్తచోట మరల గుంట త్రవ్వి మగ్గము నిలుపుకొనుటయే. అయినను ప్రజలు వెనుదీయలేదు. ఆ యేటి వేసవిలో దాదాపు 13,000 మంది వృద్ధులతో, పసిబిడ్డలతో ఊరు విడిచి, ఎల్లలకు వెలుపల పాకలు వేసికొనిరి. ఆ కొత్త యూరికి రామనగరమని పేరు పెట్టిరి. చీరాల వీధులు పాడుపడినట్లు శూన్యము లయ్యెను.

రామనగరమున గోపాలకృష్ణయ్య ప్రజలచేతనే పాలన నడిపించెను. వివిధ కులములవారి ప్రతినిధులతో సభ యేర్పడెను. తగవులు పంచాయతీలో తీరుచుండెను. రామదండు కావలికాచెను. ఎండకు మాడి, వానకు తడిసి ప్రజలు పదునొకండు నెలలు అచ్చటనే యుండిరి.

కాని ఇన్నివేలమందిని పోషించుటకు ధనము చాలకపోయెను. ఇంతలో గోపాలకృష్ణయ్య బరంపురమునకు పోగా, అచ్చట ఉపన్యసింపరాదని అధికారులు నిషేధించిరి. ఆయన దానిని ధిక్కరించెను. అందులకు ఒక సంవత్సరము కారాగారశిక్ష పడెను. తిరుచినాపల్లి చెరసాలలో ఆయన యుండగా, నాయకుడు లేని రామనగరము క్రమముగా బలహీనమయ్యెను. 1922లో ప్రజలు తమ యిండ్లకు మరలివచ్చిరి. కోరిన ఫలము నాడే చేతి కందలేదు. అయినను, హింస యనునది లేక ఒక పట్టణమంతయు ఏకమై నిలువగలదని దేశమునకు తెలిసెను.

చెరనుండి వెలువడిన పిమ్మట గోపాలకృష్ణయ్య దేశసేవను, కళాసేవను మానలేదు. కాని దారిద్ర్యము, క్షయవ్యాధి ఆయనను క్రుంగదీసెను. 1928 జూన్ 10వ తేదీన, 39వ యేట ఆయన పరమపదించెను. ప్రజలు ప్రేమతో ఒసగిన ఆంధ్రరత్న బిరుదు ఆయన పేరునకు ముందు శాశ్వతముగా నిలిచినది.

నేడు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి వంటి పట్టణములందును పురపాలక సంఘములు కలవు. ప్రజలు ఎన్నుకొనిన సభ్యులు అచ్చట కూర్చుండి బాటలను గూర్చియు, నీటిని గూర్చియు, పన్నులను గూర్చియు చర్చింతురు. పన్ను చెల్లించుట పౌరుని ధర్మము. చెల్లించువాని స్థితిగతులెరిగి, వాని సమ్మతితో విధించుట పాలకుల ధర్మము. ఈ రెండు ధర్మములు కలిసినప్పుడే ఊరు వృద్ధి పొందును. చీరాల ప్రజలు పాకలలో గడిపిన పదునొకండు నెలలు మనకు ఈ సత్యమునే బోధించుచున్నవి.