శ్రీలంక ఉచిత విద్యా పితామహుడు కన్నంగర

మన పొరుగున ఉన్న చిన్న ద్వీప దేశం శ్రీలంక. అక్కడ శిశుతరగతి నుండి విశ్వవిద్యాలయం వరకు ఫీజు లేని చదువు 1945లోనే మొదలైంది. అందుకు కారకుడు సి.డబ్ల్యు.డబ్ల్యు. కన్నంగర. హాస్టల్ విద్యార్థులమైన మనం తప్పక తెలుసుకోవలసిన జీవితం ఆయనది.

కన్నంగర 1884 అక్టోబరు 13న అంబలంగొడ దగ్గర రందొంబె గ్రామంలో జన్మించారు. ఆయన చదివే బడికి బహుమతులు పంచడానికి గాలె పట్టణంలోని రిచ్‌మండ్ కళాశాల ప్రిన్సిపాల్ డారెల్ వచ్చారు. ఎన్నో బహుమతులు ఈ ఒక్క పిల్లవాడికే రావడం ఆయన కంట పడింది. అలా దొరికిన స్కాలర్‌షిప్‌తో కన్నంగర రిచ్‌మండ్‌లో ఉచితంగా ఉండి చదువుకున్నారు. తరువాత ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ లా చదివి, 1910లో న్యాయవాది అయ్యారు.

అది బ్రిటిష్ పాలనా కాలం. ఫీజు కట్టగలవారికి ఇంగ్లీషు బడులు, ఆ చదువుతో పెద్ద ఉద్యోగాలు. పల్లెల్లోని పేద పిల్లలకు సింహళ, తమిళ బడులు మాత్రమే. వారిలో చాలామంది చదువు అక్కడితోనే ఆగిపోయేది. తనకు దొరికిన అవకాశం అదృష్టం కొద్దీ ఒకరిద్దరికి కాక ప్రతి బిడ్డకూ హక్కుగా దక్కాలన్నదే కన్నంగర ఆశయం.

1931లో ఆయన ఆ దేశ తొలి విద్యామంత్రి అయ్యారు. 16 ఏళ్లు ఆ పదవిలో ఉన్నారు. పట్టణాల్లోని పెద్ద బడులకు దీటుగా గ్రామీణ ప్రాంతాల్లో సెంట్రల్ స్కూళ్లు నెలకొల్పారు. వాటి సంఖ్య 54కు చేరింది. ఐదో తరగతిలో పరీక్ష పెట్టి, నెగ్గిన పేద పిల్లలకు అక్కడే హాస్టల్ వసతి కల్పించారు.

ఆయన అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1943లో నివేదిక ఇచ్చింది. ఉచిత విద్య, ప్రాథమిక స్థాయిలో మాతృభాషా బోధన అందులోని ముఖ్యాంశాలు. ఖర్చు భరించలేమని కొందరు, తమ ఫీజుల బడులు దెబ్బతింటాయని మరికొందరు అడ్డుపడ్డారు. ఆయన వెనక్కి తగ్గలేదు. 1944లో స్టేట్ కౌన్సిల్ ముందు తీర్మానం పెట్టి గట్టిగా వాదించారు. 1945 అక్టోబరు 1 నుండి ఉచిత విద్య అమలులోకి వచ్చింది.

ఇంత చేసినా 1947 ఎన్నికల్లో మతుగమ నియోజకవర్గంలో ఆయన ఓడిపోయారు. పదవి పోయింది, పథకం మాత్రం నిలిచింది. 1952లో మళ్లీ గెలిచి, స్థానిక పాలన మంత్రిగా పనిచేశారు. 1969 సెప్టెంబరు 23న కన్నుమూశారు. నేడు శ్రీలంకలో వయోజనుల అక్షరాస్యత 90 శాతం పైమాటే.

మిత్రులారా! ఒక హాస్టల్ సీటు ఒక పల్లెటూరి పిల్లవాణ్ణి నిలబెట్టింది. అతడు పెద్దవాడై దేశంలోని పిల్లలందరికీ బడి తలుపులు తెరిచాడు. మనకు దొరికిన ఈ సీటు విలువ తెలుసుకుని చదువుదాం. రేపు మన వెనుక వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చేయూతనిద్దాం.