ఎర్రపువ్వు వెనక గ్వెల్ఫ్ డాక్టరు

నవంబరు వచ్చిందంటే కెనడాలో ఎవరి కోటు చూసినా ఎడమవైపు ఓ ఎర్రపువ్వు కనిపిస్తుంది. అదే పాపీ. మన గసగసాల మొక్కకు దగ్గరి చుట్టం. మా సైటులో పనివాళ్లు కూడా జాకెట్టుకు గుచ్చుకుంటారు. కొత్తగా వచ్చిన ఏడాది నేనూ డబ్బాలో చిల్లర వేసి ఒకటి పెట్టుకున్నాను. ఎందుకో మాత్రం తెలియదు. ఆ పువ్వు కథకు మూలమైన మనిషి నేనుంటున్న గ్వెల్ఫ్‌లోనే పుట్టాడని తర్వాత తెలిసింది.

స్పీడ్ నదికి దగ్గర్లో, వాటర్ స్ట్రీట్‌లో 108 నంబరు ఇల్లు. సున్నపురాయితో కట్టిన చిన్న ఇల్లు. మన తాండూరు నాపరాయి కూడా ఆ జాతిదే కాబట్టి గోడ చూడగానే నాకు ఊరు గుర్తొచ్చింది. 1872 నవంబరు 30న జాన్ మెక్రే పుట్టింది ఇక్కడే. 1966లో దీన్ని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. 1968లో మ్యూజియం చేశారు.

మెక్రే తాతలు స్కాట్లండ్ నుంచి వలస వచ్చినవాళ్లు. అంటే ఆయనదీ మనలాంటి వలస కుటుంబమే. తండ్రి సైనికాధికారి. చిన్నప్పట్నుంచి ఉబ్బసం ఉన్నా మెక్రేకు తుపాకులన్నా, గుర్రాలన్నా ఇష్టం పోలేదు. టొరంటో యూనివర్సిటీలో చదివి 1898లో డాక్టరయ్యారు. 1900లో ఫిరంగి దళం అధికారిగా దక్షిణాఫ్రికా యుద్ధానికి వెళ్లారు. తిరిగొచ్చాక మాంట్రియల్‌లో వైద్యం చేశారు, విద్యార్థులకు పాఠాలు చెప్పారు. పెళ్లి చేసుకోలేదు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. అప్పటికి ఆయనకు 41 ఏళ్లు. ఇంట్లో కూర్చున్నా అడిగేవాళ్లు లేరు. అయినా చేరారు. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్లు క్లోరిన్ విషవాయువు వదిలారు. కాలువ గట్టును తవ్వి చేసిన గుంటలో, పైన గుండ్లు పడుతుండగా, మెక్రే 17 రోజులపాటు గాయపడినవాళ్లకు కట్లు కట్టారు. మే 2న ఆయన స్నేహితుడు, 22 ఏళ్ల అలెక్సిస్ హెల్మర్ గుండు పేలి చనిపోయాడు. మతగురువు అందుబాటులో లేకపోతే చివరి ప్రార్థన మెక్రేనే చదివారు. మర్నాడు రాసిన పద్యమే ‘ఇన్ ఫ్లాండర్స్ ఫీల్డ్స్’. సమాధుల మధ్య పూసిన పాపీలు అందులో ఉన్నాయి. ఆ పద్యం వల్లే ఆ పువ్వు అమరవీరుల గుర్తయింది.

తర్వాత ఆయన్ను ఫ్రాన్సులో బులోన్ దగ్గర కెనడా సైనిక ఆసుపత్రికి మార్చారు. పని ఒత్తిడి, ఉబ్బసం కలిసి ఒళ్లు గుల్ల చేశాయి. 1918 జనవరి 28న న్యుమోనియాతో పోయారు. అప్పటికి 45 ఏళ్లే. అక్కడే విమెరోలో పూడ్చారు. ఆయన గుర్రం బాన్‌ఫైర్ అంతిమయాత్రలో ముందు నడిచింది.

1997లో ఆయన పతకాలు వేలానికొచ్చాయి. చైనా మూలాలున్న టొరంటో దుస్తుల వ్యాపారి ఆర్థర్ లీ 4 లక్షల డాలర్లు పెట్టి కొని, ఈ ఇంటికే ఇచ్చేశారు. 2015లో ఊళ్లోని మ్యూజియం ముందు మెక్రే విగ్రహం పెట్టారు.

ఇక్కడితో కథ అయిపోలేదు. మెక్రే పనిచేసిన ఆసుపత్రిలో 1916లో చికిత్స పొందినవాళ్లలో బుక్కం సింగ్ అనే సిక్కు సైనికుడూ ఉన్నాడు. పంజాబు నుంచి వలస వచ్చి 1915లో కెనడా సైన్యంలో చేరాడు. అప్పటి చట్టాల వల్ల భార్యను తెచ్చుకోలేకపోయాడు. క్షయతో 1919లో 25 ఏళ్లకే చనిపోయాడు. సమాధి మన పక్కనే, కిచెనర్‌లో ఉంది. 2008 ప్రాంతంలో ఆయన పతకం ఇంగ్లండులో దొరికేదాకా ఆ సమాధి ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు ఏటా నవంబరులో అక్కడికి జనం వస్తున్నారు.

గ్వెల్ఫ్ బిడ్డ ఫ్రాన్సు మట్టిలో, పంజాబు బిడ్డ కిచెనర్ మట్టిలో. ఒకరికి ఇల్లు, విగ్రహం, పువ్వు దక్కాయి. ఇంకొకరికి గుర్తింపు రావడానికే తొంభై ఏళ్లు పట్టింది. ఈసారి పువ్వు పెట్టుకున్నప్పుడు పిల్లల్ని తీసుకుని రెండుచోట్లకూ వెళ్లండి. కారులో అరగంట దూరమే.